మూగజీవిని సరిదిద్దే హక్కు మనకు ఎంతవరకు?

పట్టణాల్లో పెంపుడు జంతువుల దుకాణాలకు వెళితే కుక్కలను దారికి తెచ్చే స్ప్రేలు కనిపిస్తాయి. చెప్పులు, కుర్చీ కాళ్ళు కొరకకుండా వాటిపై కొట్టే చేదు స్ప్రే ఒకటి. మొరిగినప్పుడల్లా మూతి మీదికి ఘాటైన వాసన చిమ్మే బెల్టు మరొకటి. గోడ మీద మూత్రం పోయకుండా కొట్టేది ఇంకొకటి. దుకాణం దాకా వెళ్ళనివారు ఇంట్లోనే సీసాలో వెనిగరో, ఫినాయిలో, కారం కలిపిన నీళ్ళో నింపి పెట్టుకుంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? వీటిలో ధర్మసమ్మతమైనది ఏది, కానిది ఏది?

ధార్మిక పత్రికలో కుక్కల స్ప్రేల గురించి చర్చ దేనికని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మన ఇళ్ళలో కుక్క ప్రస్తావన వస్తే మాట సాధారణంగా ఒక్కచోటే ఆగిపోతుంది. దాని లాలాజలం అశుద్ధం, అది మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలి, అవసరం లేకుండా కుక్కను పెంచితే రోజూ పుణ్యఫలంలో కోత పడుతుంది. ఇవన్నీ ప్రామాణిక హదీసుల ద్వారా రుజువైన విషయాలే. ఇందులో రెండో మాట లేదు. అయితే ఈ ఆదేశాలు కుక్కకు మనం ఎంత దూరంలో ఉండాలో చెబుతున్నాయి. దానితో ఎలా ప్రవర్తించాలో చెప్పే ఆదేశాలు వేరే ఉన్నాయి. మొదటివాటిని కంఠస్థం చేసి రెండోవాటిని మరచిపోవడం మనలో చాలామందికి అలవాటైపోయింది. పరిశుద్ధతా నియమాన్ని, ఆ ప్రాణిని హింసించడానికి దొరికిన అనుమతిగా భావించేవారు కూడా లేకపోలేదు. దప్పికతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, మేజోడులో నీళ్ళు నింపి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని తెలిపినది కూడా, పాత్రను ఏడుసార్లు కడగమన్న ఆ ప్రవక్తే (స) కదా!

పైగా వేటకు, పశువుల మందకు, పంట కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి షరీఅత్ అనుమతినిచ్చింది. పలువురు ధర్మపండితులు ఇంటి కాపలాను కూడా ఈ కోవలోకే చేర్చారు. మామిడి తోటలు, కోళ్ళ ఫారాలు, గొర్రెల మందలు ఉన్న ముస్లిం కుటుంబాలు మన రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. వారి వాకిట్లో ఉన్న కుక్క చెప్పులు కొరుకుతుంది, రాత్రంతా మొరుగుతుంది, నమాజుకు బయలుదేరిన మనిషి బట్టల మీదికి ఎగబడుతుంది. అప్పుడు ఆ ఇంటాయన ఏం చేయాలి? ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు.

నేర్పడం వేరు, దండించడం వేరు

దివ్య ఖుర్ఆన్ 'అల్ మాయిదా' సూరా నాలుగవ ఆయతులో వేట కుక్కల ప్రస్తావన ఉంది. శిక్షణ పొందిన వేట జంతువులు మీకోసం పట్టినది తినవచ్చని చెబుతూ, ఆ శిక్షణా విద్యను స్వయంగా అల్లాహ్‌యే మనిషికి నేర్పాడని అక్కడ తెలుపబడింది. ఇది ఆగి ఆలోచించవలసిన విషయం. కుక్కకు నేర్పే విద్య మనిషి తన బలంతో సంపాదించుకున్నది కాదు, అది దైవప్రసాదితమైన జ్ఞానం. అల్లాహ్ ఇచ్చిన జ్ఞానాన్ని వాడేవాడికి, దాన్ని ఎలా వాడాడన్న లెక్క కూడా ఉంటుంది.

తయ్ తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేటలో ఆరితేరిన వ్యక్తి. తన కుక్కలు పట్టి తెచ్చిన వేట గురించి ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. శిక్షణ పొందిన కుక్కను అల్లాహ్ పేరు పలికి వదిలితే అది పట్టినది తినవచ్చని, అది అందులోంచి తాను తినేస్తే మాత్రం తినవద్దని, ఎందుకంటే అది తనకోసం పట్టుకున్నదని ఆయన (స) తెలియజేశారు. ఆకలితో ఉన్న జంతువు, నోట్లో వెచ్చని మాంసం, అయినా యజమాని కోసం ఆగడం! కుక్కకు ఇంతకంటే కష్టమైన పాఠం ఉండదు. వరుసగా మూడుసార్లు అలా తినకుండా ఆగితేనే దాన్ని శిక్షణ పొందిన కుక్కగా పరిగణించాలని ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమా) నిర్ణయించారు. అంటే మనం తినే ముద్ద హలాలా కాదా అన్నది ఒక కుక్కకు పాఠం సరిగ్గా వంటబట్టిందా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంది. అరేబియా ఎడారిలో ఏ స్ప్రేలూ లేకుండానే ఈ పాఠం నేర్పారు. వారు ఎన్నడూ చేయి చేసుకోలేదని మేము అనడం లేదు. శిక్షణ కోసం, తోలడం కోసం జంతువును అవసరం మేరకు అదలించడాన్ని, కొద్దిగా కొట్టడాన్ని ఫిఖ్హ్ పండితులు అనుమతించారు. అలసిపోయి వెనుకబడిన హజ్రత్ జాబిర్ (రజి) ఒంటెను దైవప్రవక్త (స) స్వయంగా అదలించి, దానికోసం దుఆ చేసిన సంఘటన ప్రసిద్ధమైనదే. కనుక జంతువుకు రవ్వంత ఇబ్బంది కూడా కలగకూడదన్నది షరీఅత్ వైఖరి కాదు.

మరి హద్దు ఎక్కడుంది? మా దృష్టిలో హద్దు స్ప్రే ఘాటులో లేదు. ఆ ఇబ్బంది దేనికోసం అన్నదానిలో ఉంది. నేర్పడానికి కలిగించే ఇబ్బంది వేరు, దండించడానికి కలిగించేది వేరు. కుక్కను దండించే అధికారం మనకు లేదు. ఎందుకంటే దండనకు ముందు నేరం ఉండాలి, నేరానికి ముందు బాధ్యత ఉండాలి. కుక్క ముకల్లఫ్ కాదు, ధర్మాదేశాలు దానికి వర్తించవు. అది చెప్పు కొరికితే పాపం చేసినట్టు కాదు. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చే వయసులో, అంటే సుమారు మూడు నెలల నుండి ఏడు నెలల మధ్య, చిగుళ్ళు సలుపుతుంటే అది దొరికినదల్లా కొరుకుతుంది. మన పసిపిల్లలు చేసే పని అదే.

"అది తప్పు చేసిందని దానికి తెలుసు, చూడండి ఎలా తలదించుకుందో" అంటారు చాలామంది. ఈ మాటను అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. తినవద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ తప్పుచేసిన చూపుకు సంబంధం లేదని తేలింది. యజమాని గద్దించినప్పుడే కుక్క అలా చూసింది. నిజానికి ఏమీ తినకుండానే తిట్లు తిన్న కుక్కల్లో ఆ చూపు మరింత ఎక్కువగా కనిపించింది. మనం పశ్చాత్తాపం అనుకున్నది కేవలం భయం. ఇషా నమాజు ముగించుకుని ఇంటికొచ్చి, ఎప్పుడో సాయంత్రం నమిలేసిన చెప్పును చూసి, కుక్కను పిలిచి ముఖం మీద స్ప్రే కొట్టిన మనిషి దానికి ఏం నేర్పాడు? పిలిస్తే దగ్గరకు రావద్దని నేర్పాడు. అంతే! అది శిక్షణ కాదు, దీక్ష కాదు, కోపం తీర్చుకోవడం. మూగజీవి మీద కోపం తీర్చుకునే హక్కు షరీఅత్ ఎవరికీ ఇవ్వలేదు.

ప్రళయదినాన కొమ్ములు లేని మేకకు కొమ్ముల మేక నుండి న్యాయం ఇప్పించబడుతుందని హదీసులో ఉంది కదా, జంతువులకూ లెక్క ఉన్నట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ న్యాయం చేసేవాడు అల్లాహ్, మనం కాదు. ఆ హదీసు విన్నప్పుడు మన గుండెల్లో పుట్టవలసిన ప్రశ్న కూడా వేరు. మేకకు మేక నుండే లెక్క ఇప్పించే న్యాయస్థానంలో, కళ్ళలో కారం పడ్డ కుక్క తరఫున మనల్ని ఏమని అడుగుతారు? పిల్లిని కట్టేసి తిండి పెట్టక, పురుగూ పుట్రా తినడానికైనా వదలక చంపిన స్త్రీ నరకానికి పోయిందని మనం విననిది కాదు.

ఈ కోణం నుండి చూస్తే చేదు స్ప్రే విషయం తేలికగానే తేలుతుంది. వీటిలో ఎక్కువగా వాడే డెనటోనియం అనే పదార్థాన్ని 1958లో స్కాట్లాండులో కనుగొన్నారు. పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు కలిపినా నోట్లో పెట్టుకోలేనంత చేదు. స్పిరిట్‌ను ఎవరూ తాగకుండా అందులో కలుపుతారు. దీన్ని కుక్క మీద కాదు, వస్తువు మీద కొడతారు. కుక్క నోరు పెడితే చేదు, తీసేస్తే లేదు. ఎవరూ దాని మీద చేయెత్తలేదు, అది ఎవరికీ భయపడలేదు. కొరకడానికి పక్కనే ఒక ఎముకో, గట్టి తాడో పెడితే పాఠం పూర్తవుతుంది. ఇందులో అభ్యంతరకరమైనది మాకేమీ కనిపించడం లేదు. కొన్ని కుక్కలు ఆ చేదును లెక్కచేయవు, అది వేరే సంగతి. కొన్ని చేదు స్ప్రేల్లో ఆల్కహాలు ఉంటుంది కనుక బట్టలకు తగిలితే నమాజు చెల్లుతుందా అన్న సందేహం రావచ్చు. ద్రాక్ష, ఖర్జూరాల నుండి కాక ఇతరత్రా తయారైన ఆల్కహాలు పై పూతగా తగిలినంత మాత్రాన బట్ట అశుద్ధం కాదని నేటి హనఫీ ముఫ్తీలు పలువురు ఫత్వా ఇచ్చారు. మనసు ఒప్పుకోనివారు కడుక్కోవచ్చు.

ముఖం మీద కొట్టడం

వస్తువు మీద కొట్టే స్ప్రే నుండి ముఖం మీద కొట్టే స్ప్రేకి వచ్చేసరికి విషయం పూర్తిగా మారిపోతుంది.

ఒకసారి దైవప్రవక్త (స) ముఖం మీద వాత పెట్టిన గాడిదను చూశారు. ఆ పని చేసినవాణ్ణి శపించారు. జంతువు ముఖం మీద కొట్టడాన్ని, ముఖం మీద వాత పెట్టడాన్ని ఆయన (స) నిషేధించారు. హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా వచ్చిన ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. వాత పెట్టడమే పూర్తిగా నిషిద్ధమా అంటే కాదు. జకాత్ ఒంటెలు మామూలు ఒంటెల్లో కలిసిపోకుండా ఆయన (స) స్వయంగా గుర్తు వేస్తుండగా హజ్రత్ అనస్ (రజి) చూశారు. ముఖం సంగతి విన్న ప్రవక్త (స) కుటుంబీకులొకరు ఆనాటి నుండి ముఖానికి అన్నింటికంటే దూరంగా ఉండే చోట, అంటే తొడ వెనుక భాగాన గుర్తు వేయడం మొదలుపెట్టారు. అవసరం ఉంటే నొప్పిని సహించిన షరీఅత్, ముఖం దగ్గర మాత్రం గీత గీసింది.

ఎందుకు? ముఖంలోనే కళ్ళు, ముక్కు, నోరు ఉన్నాయి. జంతువు లోకాన్ని తెలుసుకునేది వాటితోనే. కుక్క విషయంలో ఇది మరీ నిజం. వాసన పసిగట్టే గ్రాహకాలు మనిషి ముక్కులో యాభై, అరవై లక్షలు ఉంటే, కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైగా ఉంటాయని అంచనా. మనకు కాస్త ఘాటుగా తోచేది దానికి ఎంత అవుతుందో ఊహించుకోవచ్చు. మిరప కారంలోని క్యాప్సైసిన్ కాలిన బాధను తెలిపే నరాలనే తట్టి లేపుతుంది. చర్మం కాలకపోయినా, కాలిన బాధ కలుగుతుంది. పక్షులకు ఈ బాధ తెలియదు, అందుకే చిలుకలు పచ్చిమిరప కాయలు హాయిగా తింటాయి. కుక్క మాత్రం మనలాగే అనుభవిస్తుంది. కళ్ళు కడుక్కోవడానికి దానికి చేతులు లేవు.

వాసన చిమ్మే బెల్టులో ఉండేది నిమ్మగడ్డి జాతికి చెందిన సిట్రొనెల్లా నూనె. దోమల మందుల్లో వాడేది అదే. కుక్క మొరిగిన శబ్దానికి బెల్టు మూతి వైపు ఒక్కసారిగా చిమ్ముతుంది. కరెంటు షాకు ఇచ్చే బెల్టుకంటే ఇది నయమన్నది నిజం. అయితే కుక్క ఊరుకున్నాక కూడా ఆ వాసన దాని ముక్కును వదలదు. తప్పు ఆగినా శిక్ష ఆగదన్నమాట. పక్క కుక్క మొరిగినా చిమ్మే బెల్టులు కూడా ఉన్నాయి. పైగా కొద్ది వారాలకు కుక్కలు దానికి అలవాటు పడిపోయి మళ్ళీ మొరుగుతున్నాయని 2001లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

మాకు అన్నింటికంటే ఎక్కువగా బాధ కలిగించేది ఇంకొకటి. కుక్కను ఇంట్లో ఉంచుకోవడానికి షరీఅత్ మనకు అనుమతినిచ్చిందే కాపలా కోసం. కాపలా అంటే మొరగడమే కదా! మొరిగితే మూతి మీద ఘాటు చిమ్మే బెల్టు కట్టాలనుకునే ఇంటాయన, ఆ కుక్కను దేనికోసం ఉంచుకున్నాడో తనను తాను ప్రశ్నించుకోవాలి. కాపలా అక్కరలేకపోతే ఉంచుకునే అనుమతే సందేహంలో పడుతుంది. కాపలా కావాలనుకుంటే, అది తన పని చేసినందుకే దాన్ని బాధపెడుతున్నాడన్నమాట. జీతానికి పెట్టుకున్న కాపలాదారు 'దొంగ' అని అరిచినందుకు అతని నోటికి గుడ్డ కట్టేవాడిని మనం ఏమంటాం?

ఇందులో పొరుగువారి హక్కు లేదా అంటే, తప్పకుండా ఉంది, అది చాలా బరువైన హక్కు. మీ కుక్క అరుపులకు పక్కింటి రోగి, పసిబిడ్డ నిద్రపోలేకపోతే ఆ లెక్క మీ ఖాతాలోనే పడుతుంది. కానీ ఆ లెక్క తీర్చవలసింది మీరు, మీ కుక్క కాదు. అది ఎందుకు అంతగా మొరుగుతోందో ముందు చూడాలి. రాత్రంతా ఆగకుండా మొరిగే కుక్కల్లో చాలావరకు పగలంతా గొలుసుకు కట్టేసి ఉంచినవే. ఒంటరితనం, విసుగు, ఆకలి, దాహం... వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఒక అన్సారీ తోటలో దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చిన ఒంటె సంగతి గుర్తు చేసుకోండి. ఆయన (స) దాని తల నిమిరి ఊరడించి, యజమానిని పిలిపించి, దాన్ని ఆకలితో ఉంచి అలసిపోయేలా పని చేయిస్తున్నావని మందలించారు. ఒంటె ప్రవర్తన బాగులేదని ఎవరూ ఒంటెను సరిదిద్దలేదు. యజమానిని సరిదిద్దారు. నిత్యం గొలుసుతో కట్టేసిన కుక్కను తగినంత తిప్పకపోవడం మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం కూడా నేరమే. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఉదయం, సాయంత్రం తోట చుట్టూ తిప్పి, రాత్రి గొలుసు విప్పి, వీధి కనబడని చోట పడుకోబెడితే చాలా కుక్కలు అవసరమైనప్పుడే మొరుగుతాయి.

మీదికి ఎగబడే కుక్క విషయంలోనూ ఓపికే మందు. ఎగబడినప్పుడు పట్టించుకోకుండా వెనక్కి తిరిగి నిలబడడం, నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే ముద్ద పెట్టడం. పది, పదిహేను రోజులు ఇంటిల్లిపాదీ ఇదే పాటించాలి, ఒకరు ముద్దుచేసి ఒకరు తన్నితే కుక్కకు ఏమీ అర్థం కాదు. మొండి ఒంటెనెక్కి దాన్ని అటూ ఇటూ లాగుతున్న హజ్రత్ ఆయిషా (రజి)కు దైవప్రవక్త (స) మృదుత్వాన్ని ఉపదేశించారు. మొండి జంతువు ఎదురుగా ఉన్నప్పుడు ఇచ్చిన ఉపదేశమది.

ఇక వీధి కుక్కలు. ఇక్కడ మేము ఎవరి భయాన్నీ తేలిక చేయదలచుకోలేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక పసివాడు ప్రాణాలు కోల్పోయాడు. ఫజ్ర్ నమాజుకు చీకట్లో బయలుదేరే వృద్ధులకు, మక్తబ్‌కు వెళ్ళే పిల్లలకు ఈ భయం రోజూ ఉండేదే. మీద పడే కుక్క నుండి ప్రాణం కాపాడుకోవడం షరీఅత్‌లో హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. మీద పడి కరిచే కుక్కను ఇహ్రామ్ స్థితిలో ఉన్నవాడు సైతం చంపవచ్చని అనుమతి ఉంది. అమెరికాలో పోస్ట్‌మ్యాన్‌లు కుక్కల కోసం మిరప ఘాటు స్ప్రే వెంట ఉంచుకుంటారు. దాడి చేస్తున్న కుక్క మీద అలాంటిది వాడితే, అది ముఖం మీద పడినా, తప్పు పట్టలేం. అది శిక్షణా కాదు, దండనా కాదు, ఆత్మరక్షణ. దాడి ఆగిన క్షణాన ఆ అనుమతి కూడా ఆగిపోతుంది.

కానీ గేటు ముందు పడుకుని ఉన్న కుక్క మీద కాగిన గంజి పోయడం, బాత్‌రూము యాసిడ్ విసరడం ఆత్మరక్షణ కిందికి రావు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలో ఒక మాట ఉంది. హాని చేసే పిల్లిని కొట్టకూడదు, చెవి మెలిపెట్టకూడదు, తప్పనిసరైతే పదునైన కత్తితో జబహ్ చేయాలి. చంపడానికి అనుమతి ఉన్న చోట కూడా చెవి మెలిపెట్టడానికి అనుమతి లేదు! హానిని తొలగించుకోవడానికి, ప్రాణిని వేధించడానికి మధ్య మన ఫిఖ్హ్ పండితులు ఇంత సన్నని తేడాను కూడా గుర్తించారు. ఇంట్లో సీసా పట్టుకుని వరండాలోంచి కుక్కపిల్లల మీద కారం నీళ్ళు కొట్టి నవ్వే పిల్లలకు ఈ తేడా ఎవరు చెప్పాలి? ప్రాణమున్న దాన్ని గురిపెట్టే ఆటవస్తువుగా చేసుకున్నవారిని దైవప్రవక్త (స) శపించారు. (గేటుకు నీలం రంగు నీళ్ళ సీసా వేలాడదీస్తే కుక్కలు రావన్న నమ్మకం కూడా మన వీధుల్లో ఉంది. కుక్కకు అందువల్ల హాని లేదు, మనకు లాభమూ లేదు.)

దైవప్రవక్త (స) కాలంలో మస్జిదె నబవీలో కుక్కలు వస్తూ పోతూ ఉండేవని, అయినా అక్కడ నీళ్ళు చల్లేవారు కాదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తెలిపారు. ఇందులోని పరిశుద్ధతా నియమాలపై పండితుల చర్చ సుదీర్ఘమైనది. ఆ మసీదుకు అప్పుడు తలుపులు లేవని కొందరు వివరణ ఇచ్చారు. మనకు తలుపులు, గేట్లు ఉన్నాయి. వాటిని వేసుకుంటే సరిపోయేదానికి స్ప్రే అక్కరలేదు.

వీధిలో కుక్కలు గుంపు కట్టడానికి కారణం తిండి. తిండి ఎక్కడ పడితే అక్కడే అవి చేరతాయి, పిల్లలు పెడతాయి, ఆ చోటు తమదనుకుని మనుషుల మీదికి వస్తాయి. మాంసం దుకాణాల వెనుక, ఫంక్షన్ హాళ్ళ పక్కన, బక్రీద్ తర్వాత మన వీధి మలుపుల్లో ఏముంటుందో చెప్పనక్కరలేదు. హైదరాబాదులో ఖుర్బానీ రోజుల్లో నగరపాలక సంస్థ వ్యర్థాల కోసం సంచులు పంచి, ప్రత్యేక వాహనాలు పంపుతుంది. ఆ సంచుల్లో కట్టి వాహనానికి అందించిన పేగులు కుక్కల నోట పడవు. బండి రాని ఊళ్ళలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాలి. మసీదు కమిటీలు బక్రీద్‌కు పది రోజుల ముందే ఆ గొయ్యి ఎక్కడ తీయాలో నిర్ణయించి, తవ్వే మనిషిని మాట్లాడుకుని, జుమా నాడు ప్రకటించవచ్చు.